అంబాసిడర్ 1489 ఇంజన్‌ను ఇంట్లో విప్పి కట్టడం

పాత అంబాసిడర్ నీలం పొగ వదలడం మొదలెట్టగానే చాలామంది ముందు చేసే పని పిస్టన్, రింగుల సెట్టు కొని తెచ్చుకోవడం. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. బ్లాకు (సిలిండర్లున్న ఇనుప దిమ్మ) ఎంత అరిగిందో, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇప్పటికే ఏ సైజులో ఉందో, హెడ్ (బ్లాకు పైన కూర్చునే, వాల్వులుండే భాగం) పనికొస్తుందో లేదో తేల్చుకోకుండా సామాను కొంటే సగం వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. లేదా కొన్న సామానుకు తగ్గట్టు ఇంజన్‌నే ఎలాగోలా సర్దాల్సి వస్తుంది. ఎక్కువగా జరిగేది రెండోదే. కట్టిన ఇంజన్ కొద్ది నెలలకే మళ్లీ పొగ వదలడానికి మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఈ పోస్టు 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి మాత్రమే. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 ఆధారంగా తయారుచేసింది. మొదట్లో దానికి 1476 సీసీ సైడ్ వాల్వు (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే) ఇంజన్ ఉండేది. తర్వాత దాని స్థానంలో బ్రిటన్ కంపెనీ బీఎంసీ వారి బి-సీరీస్ ఓవర్‌హెడ్ వాల్వు (వాల్వులు పైన హెడ్‌లో ఉండే) ఇంజన్ వచ్చి దశాబ్దాలు నిలిచింది. 1992లో వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్‌కు గానీ, డీజిల్‌కు గానీ కింది అంకెలు వర్తించవు. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 73.025 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 88.9 మి.మీ., క్రాంకును పట్టుకునే మెయిన్ బేరింగులు మూడు, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. ఎంజీఏ 1500 స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు 1489 సీసీ ఇంజనే కాబట్టి ఆ కారు మాన్యువల్ దొరికినా చాలా పనికొస్తుంది. అయితే మీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే ఆ అంకెనే పాటించండి.

మెకానిక్కుల మాటలో అంగుళంలో వెయ్యోవంతు ఒక థౌ. అంటే 0.0254 మి.మీ. ఈ ఇంజన్‌ను అంగుళాల్లో గీశారు కాబట్టి థౌల్లో ఆలోచించడమే తేలిక.

విప్పకముందు

ఇంజన్ బండిలో ఉండగానే తెలిసే సంగతులు విప్పాక తెలియవు. ఇంజన్ బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) గేజ్‌తో చూడండి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. పది శాతం దాటితే ఏదో ఉంది. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె ఒక్కసారిగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. కదలకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలి ఉంటుంది. అలాంటప్పుడు ఇంజన్ మొత్తం దించాల్సిన పనే ఉండకపోవచ్చు.

పొగ ఎప్పుడు వస్తుందో కూడా గమనించండి. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద నీలం పొగ వస్తుంటే రింగులు. ఘాట్ రోడ్డు దిగాక మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుప్పున వస్తే వాల్వు గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు). వేడి మీద పరుగులో ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లో, ఐడ్లింగ్‌లో 15 దగ్గర ఉండాలి. డాష్‌బోర్డు దీపాన్ని నమ్మకుండా మెకానికల్ గేజ్ ఒకటి తగిలించి చూడండి. ఈ అంకెలన్నీ రాసిపెట్టుకోండి, చివర్లో పోల్చుకోవడానికి కావాలి.

పనిముట్ల విషయంలో ఒక్క మాట. ఈ ఇంజన్ నట్లకు అంగుళాల పానాలే కావాలి: 7/16, 1/2, 9/16, 5/8. అర అంగుళం నట్టు మీద 13 నంబరు పానా కూర్చున్నట్టే అనిపిస్తుంది, గట్టిగా తిప్పితే మూలలు గుండ్రంగా అయిపోతాయి. హెడ్ నట్లు 9/16, అంటే 14.29 మి.మీ. 14 ఎక్కదు, 15 జారుతుంది. వీటితోపాటు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), ఫిల్లర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకులు), 0-3 అంగుళాలు కొలిచే మైక్రోమీటర్లు, బోర్ గేజ్ కావాలి. చివరి రెండూ లేకపోతే లేత్ షాపులో మీ ఎదురుగానే కొలిపించుకోవచ్చు.

దించడంలో పెద్ద కిటుకేమీ లేదు. బ్యాటరీ, బానెట్, రేడియేటర్, కార్బురేటర్, ఎగ్జాస్ట్ ఫ్లాంజ్, వైర్లు తీసేయండి. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, ఒక టన్ను చైన్ బ్లాకుతో ఇంజన్‌ను ముందుకు లాగి పైకెత్తండి. ఇంజన్ బరువు నూట యాభై కిలోలు దాటుతుంది కాబట్టి ఇంటి పైకప్పు హుక్కును నమ్ముకోవద్దు, దూలానికో ఇనుప స్టాండుకో వేలాడదీయండి. గేర్‌బాక్స్ బరువు క్లచ్ ప్లేట్ మీద వేలాడితే ప్లేటు వంగిపోతుంది. ఇంజన్ నంబరు ఎక్కడుందో ముందే చూసి, ఆర్‌సీతో సరిపోల్చుకుని ఫోటో తీసుకోండి. లేత్ షాపులో గ్రైండర్ తగిలి నంబరు చెరిగితే తర్వాత ఆర్‌టీవో ఆఫీసులో తల ప్రాణం తోకకొస్తుంది.

విప్పేటప్పుడు తప్పులు ఎక్కువగా జరిగే చోట్లు

హెడ్‌కు మొత్తం 11 నట్లు. వాటిలో నాలుగు రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు ఊగే ఇరుసు) పెడెస్టళ్లను కూడా పట్టుకుని ఉంటాయి. రాకర్ ఒక్కటే తీద్దామని ఆ నాలుగింటిని విప్పేస్తే, మిగతా ఏడూ బిగువుగానే ఉండి హెడ్ వంకర తిరుగుతుంది, గాస్కెట్ లోంచి నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. కాబట్టి రాకర్ కదపాలన్నా ముందు నీళ్లు తీసేసి, పదకొండింటినీ మధ్యనుంచి బయటికి వరసగా, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున వదులు చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే.

పుష్‌రాడ్లు (రాకర్లను పైకి నెట్టే కడ్డీలు), ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని ఆ కడ్డీలను ఎత్తే ముక్కలు) తీసేటప్పుడు అట్టముక్కకు ఎనిమిది బొక్కలు పెట్టి నంబర్లు వేసి గుచ్చండి. ఏ ట్యాపెట్ ఏ క్యామ్ లోబ్ (క్యామ్ ఇరుసు మీది ఉబ్బు) మీద తిరిగిందో మళ్లీ అక్కడికే వెళ్లాలి. పాత ట్యాపెట్‌ను వేరే లోబ్ మీద పెడితే రెండూ తినేసుకుంటాయి. బి-సీరీస్‌లో బ్లాకు పక్కనున్న రెండు మూతలు తీస్తే ట్యాపెట్లు చేతికి అందుతాయి, అది పెద్ద సౌలభ్యం.

కనెక్టింగ్ రాడ్ల దగ్గర రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, వీటి పెద్ద చివర ఏటవాలుగా కోసి ఉంటుంది, అందుకే రాడ్డూ పిస్టన్నూ కలిపి పైనుంచే బయటికి వస్తాయి. రెండు, పెద్ద చివర రాడ్ నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. 1, 3 ఒక రకం. 2, 4 ఇంకో రకం. తారుమారైతే రాడ్ ఒక పక్కకు ఒరుసుకుంటూ తిరుగుతుంది. పాత నంబర్లు కనిపించకపోతే విప్పకముందే రాడ్ మీద, క్యాప్ మీద ఒకే వైపు నంబరు పంచ్ కొట్టండి. క్యాప్‌లు ఒకదాంతో ఒకటి మారకూడదు. అవి రాడ్‌తో జతగా బోరు చేసినవి.

పిస్టన్ పైకి తోసేటప్పుడు బోరు పైఅంచున ఒక మెట్టు తగులుతుంది. రింగు తిరగని ఆ అర సెంటీమీటరు మేర గోడ అరగకుండా మిగిలిపోవడమే ఆ మెట్టు. గోటికి గట్టిగా తగులుతుంటే బోరింగ్ తప్పదని అప్పుడే అర్థమవుతుంది. పాత పిస్టన్లు మళ్లీ వాడే ఆలోచన ఉంటే ముందు ఆ మెట్టును తీసేయించాలి, లేకపోతే పై రింగు విరుగుతుంది.

బురద

మన ప్రాంతపు ఇంజన్లకు ఇది పెద్ద సమస్య. దశాబ్దాల పాటు రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోసిన బ్లాకులో సున్నం, తుప్పు కలిసి గట్టి బురదలా వెనక వైపు, నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ విప్పినా చుక్క నీరు రాలేదంటే అక్కడ బురద నిండినట్టే. నాలుగో సిలిండర్ ఎప్పుడూ మిగతా వాటికంటే వేడిగా నడిచి, ముందుగా అరగడానికి ఇదే కారణం. రేడియేటర్ ఎన్నిసార్లు కడిగించినా ఎండాకాలంలో సూది ఎర్రగీత వైపు వెళ్తోందంటే తప్పు రేడియేటర్‌ది కాకపోవచ్చు.

బ్లాకు పక్కల ఉన్న వెల్ష్ ప్లగ్గులన్నీ (రంధ్రాలను మూసే రేకు బిళ్లలు) కొట్టి తీసేయండి, పాతవి మళ్లీ వాడొద్దు. ఆ రంధ్రాల్లోంచి వంచిన గట్టి తీగతో గోకి, ప్రెషర్ వాషర్‌తో కడగండి. డ్రెయిన్ రంధ్రం నుంచి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆపొద్దు. ఆయిల్ గ్యాలరీ (బ్లాకులో ఆయిల్ పారే దారి) ప్లగ్గులు కూడా విప్పి, పొడవాటి సన్నని బ్రష్‌తో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తోమండి. క్రాంకులో జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) నుంచి జర్నల్‌కు వెళ్లే రంధ్రాల్లో నల్లటి జిగురు ఉంటుంది. క్రాంకు గ్రైండింగ్ అయ్యాక ఆ పొడి కూడా అక్కడే దాక్కుంటుంది కాబట్టి, గ్రైండింగ్‌కు ముందొకసారి, తర్వాత ఇంకోసారి శుభ్రం చేయాలి.

కొలత

బోర్ గేజ్ లేకపోయినా ఒక పాత రింగుతో చాలా తెలుసుకోవచ్చు. రింగును బోరు అడుగున, పిస్టన్ చేరని చోట, తిరగేసిన పిస్టన్‌తో తోసి సమంగా కూర్చోబెట్టి ఫిల్లర్ గేజ్‌తో గ్యాప్ చూడండి. తర్వాత అదే రింగును మెట్టుకు కాస్త కింద కూర్చోబెట్టి మళ్లీ చూడండి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. అడుగున 15 థౌ, పైన 40 థౌ ఉందనుకోండి. తేడా 25, భాగిస్తే 8 థౌ. అంత అరుగుదల మీద కొత్త రింగులు వేస్తే పిస్టన్ కిందికీ పైకీ వెళ్లిన ప్రతిసారీ రింగు తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. అది ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. ఈ పద్ధతిలో సిలిండర్ అండాకారం మాత్రం తెలియదు. దానికి క్రాంకు దిశలో ఒకసారి, అడ్డంగా ఒకసారి బోర్ గేజ్ పెట్టాల్సిందే. అరుగుదల ఎక్కువగా అడ్డదిశలోనే ఉంటుంది, ఎందుకంటే రాడ్ పిస్టన్‌ను ఆ గోడకే నొక్కుతుంది.

పిస్టన్లు పది సైజు నుంచి నలభై సైజు దాకా దొరుకుతాయి. అంటే 10, 20, 30, 40 థౌల పెంపు. బ్లాకు ఇప్పటికే నలభైలో ఉంటే డ్రై స్లీవులు (బోరులో బిగించే ఇనుప గొట్టాలు) వేసి మళ్లీ స్టాండర్డ్‌కు తేవచ్చు. నా లెక్కలో అది లోపమేమీ కాదు, మంచి లేత్ షాపులో వేసిన స్లీవు ఇంకో జీవితకాలం నడుస్తుంది. ఒక్క సిలిండర్ పాడైందని దాన్నొక్కదాన్నే పెద్ద సైజుకు బోరు చేయించడం మాత్రం వద్దు. పిస్టన్ల బరువులు తేడా వస్తాయి.

లేత్ షాపుకు బ్లాకు ఒక్కటే పంపకండి. పిస్టన్లు ముందు కొని, బ్లాకుతో పాటు ఇచ్చి, ఏ పిస్టన్‌కు ఏ సిలిండర్ అని రాయించి, దాని కొలతకు తగ్గట్టు బోరు చేయమనాలి. క్లియరెన్స్ ఎంత వదలాలో పిస్టన్ డబ్బా మీద ఉంటుంది. ‘ఇరవై సైజు’ అని నోటిమాటగా చెప్పి వదిలేస్తే, ఒకే డబ్బాలోని పిస్టన్లలో ఉండే అర థౌ, థౌ తేడాలన్నీ క్లియరెన్స్‌లోకి వస్తాయి. మరీ బిగువైతే మొదటి వేడికే పిస్టన్ పట్టేస్తుంది, మరీ వదులైతే చల్లటి ఇంజన్ టకటకమంటుంది. బోరింగ్ అయ్యాక హోనింగ్ (రాయితో బోరు గోడను రుద్దడం) గీతలు సుమారు 45 డిగ్రీల్లో ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉండాలి. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద ఆయిల్ నిలవదు.

క్రాంకు స్టాండర్డ్ కొలతలు: మెయిన్ జర్నల్ సుమారు 2 అంగుళాలు, రాడ్ జర్నల్ సుమారు 1.876 అంగుళాలు. ఒక్కో జర్నల్‌ను రెండు చోట్ల, రెండు దిశల్లో కొలవండి. గ్రైండింగ్ చేయించాల్సి వస్తే షాపువాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: జర్నల్ పక్కగోడను కలిసే మూలలో ఉన్న గుండ్రని వంపు అలాగే ఉండాలి. గ్రైండింగ్ రాయి మూల పదునుగా ఉంటే ఆ వంపు పోయి నిలువు మూల మిగులుతుంది, పగులు అక్కడే పుడుతుంది. నాలుగు సిలిండర్లకు మూడే మెయిన్ బేరింగులున్న క్రాంకు మామూలుగానే కాస్త వంగుతూ తిరుగుతుంది కాబట్టి ఈ ఇంజన్లో ఆ మూలకు విలువ ఎక్కువ. బేరింగ్ షెల్స్ (జర్నల్ చుట్టూ కూర్చునే అరవంపు రేకులు) కూడా గ్రైండింగ్ సైజు ఖాయమయ్యాకే కొనాలి.

షాపు నుంచి వచ్చిన బ్లాకును పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో తుడిచి ఊరుకోవద్దు. హోనింగ్ రాయి పొడి ఇనుము రంధ్రాల్లో ఇరుక్కుంటుంది, కిరోసిన్ దాన్ని అటూ ఇటూ జరుపుతుందే గానీ బయటికి తీయదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్‌తో తోమండి. తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు అంటకూడదు. ఆరగానే, అంటే నిమిషాల్లోనే, ఆయిల్ పూయాలి. లేకపోతే మన గాలికి సాయంత్రానికల్లా తుప్పు పడుతుంది.

హెడ్

వాల్వులు ముందు నుంచి వెనక్కి ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్. నడిమధ్యలో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండి, ఒకే దారిలో పొగ వదులుతాయి. హెడ్ మొత్తంలో వేడి ఎక్కువగా ఉండేది అక్కడే, కాబట్టి పగుళ్ల కోసం ముందు అక్కడే వెతకండి. శుభ్రం చేసిన హెడ్ మీద కిరోసిన్ పూసి, పది నిమిషాలాగి పొడిగా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే సుద్ద మీద సన్నటి తడి గీత తేలుతుంది.

మనదేశంలో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. ఈ హెడ్‌లో వాల్వు సీటు విడిగా ఉండదు, హెడ్ ఇనుములోనే కోసి ఉంటుంది. సీసం వాల్వుకూ సీటుకూ మధ్య పలచటి పొరలా పనిచేసేది. అది లేకపోవడంతో గట్టిగా, ఎక్కువ వేగంతో నడిపే బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటును తింటూ లోపలికి దిగుతుంది. ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే ఇదే జరుగుతోందని అర్థం. హెడ్ ఎలాగూ షాపుకు వెళ్తోంది కాబట్టి నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఇన్సర్ట్‌లు వేయించడం మంచిది. గైడ్లు మార్చాక సీట్లు మళ్లీ కోయించాల్సిందే, ఎందుకంటే సీటు కేంద్రం గైడ్‌తోనే నిర్ణయమవుతుంది. హెడ్ ప్లేనింగ్ మాత్రం స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూసి, వంకర ఉంటేనే, ఆ వంకర పోయేంత వరకే చేయించండి.

కట్టడం

బేరింగ్ షెల్ వెనక వైపు, అది కూర్చునే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఆయిల్ ముందు వైపు మాత్రమే. వెనక ఆయిల్ పూస్తే షెల్ నుంచి వేడి బ్లాకుకు చేరదు. క్రాంకు కూర్చోబెట్టి, మధ్య బేరింగ్ రెండు పక్కలా థ్రస్ట్ వాషర్లు వేయండి. వాటి మీద ఆయిల్ గాడులున్న ముఖం క్రాంకు వైపు ఉండాలి, తిరగేసి వేస్తే కొద్ది రోజుల్లోనే తినేస్తాయి. మెయిన్ నట్లు 70 పౌండ్-అడుగులు, అంటే 95 న్యూటన్ మీటర్లు. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంకును చేత్తో తిప్పి చూడండి. ఏ క్యాప్ దగ్గర బిగుసుకుందో అప్పటికప్పుడే తెలుస్తుంది. మూడూ బిగించాక చూస్తే మూడూ విప్పాలి. క్రాంకు ముందుకు వెనక్కి ఆడే ఆట 2 నుంచి 3 థౌలు ఉండాలి.

వెనక మెయిన్ క్యాప్ దగ్గర ఆగి పని చేయండి. ఈ ఇంజన్‌కు వెనక రబ్బరు ఆయిల్ సీలు లేదు. క్రాంకు మీదే మరలాంటి గాడి ఉంటుంది, తిరుగుతున్నప్పుడు అది ఆయిల్‌ను వెనక్కి లోపలికి నెడుతుంది. అంతే సీలు. కాబట్టి క్యాప్ బ్లాకును కలిసే సమతల ముఖాలను శుభ్రంగా తుడిచి, పలచగా సీలెంట్ రాసి బిగించాలి. ఎక్కువ రాస్తే అది పిండుకుని ఆయిల్ తిరిగివచ్చే దారినే మూసేస్తుంది. రింగులు అరిగిన ఇంజన్లో క్రాంక్‌కేసులోకి గ్యాస్ దిగి, ఆ ఒత్తిడి ఆయిల్‌ను ఈ గాడిలోంచి బయటికి తోస్తుంది. క్లచ్ దగ్గర ఆయిల్ కారడం చాలాసార్లు బోరింగ్‌తోనే తగ్గిపోవడానికి కారణం ఇదే. బ్రీదర్ పైపు మూసుకుపోయినా ఇలాగే కారుతుంది, దాన్నీ కడగండి.

పిస్టన్ పిన్ను రాడ్ చిన్న చివరలో బోల్టుతో బిగించే రకం ఇది. పిన్ను మధ్యలోని గాడి సరిగ్గా బోల్టుకు ఎదురుగా రావాలి. రాడ్‌ను వైస్‌లో పట్టించి ఆ బోల్టు బిగిస్తే రాడ్ కంటికి కనిపించనంతగా మెలి తిరుగుతుంది, పిస్టన్ బోరులో ఓరగా నడుస్తుంది. పిన్ను రెండు చివరలనూ పట్టించి బిగించాలి. బిగించాక పిస్టన్ స్వేచ్ఛగా ఊగాలి, పిన్ను రెండు వైపులా గోడకు తగలకుండా మధ్యలో ఉండాలి.

కొత్త రింగు ఒక్కోదాన్నీ అది వెళ్లే బోరులోనే పెట్టి గ్యాప్ చూడండి: 8 నుంచి 13 థౌలు. తక్కువుంటే సన్నటి ఆకురాయితో ఒకే దిశలో, బయటి నుంచి లోపలికి రాయండి. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి చివరలు కలుసుకుని రింగు బోరును చీరేస్తుంది. రింగు గ్యాప్‌లు ఒకే వరసలో రాకుండా తిప్పిపెట్టి, పిస్టన్ మీది ముందు గుర్తు టైమింగ్ చైన్ వైపు ఉండేలా దించండి. రాడ్ బోల్టులు 35 పౌండ్-అడుగులు, అంటే 47 న్యూటన్ మీటర్లు. లాక్ ట్యాబులు కొత్తవే వేయాలి.

ఆయిల్ పంపును విప్పి చూడకుండా తిరిగి పెట్టేయడం పెద్ద పొరపాటు. రోటర్ రకం అయితే రోటర్ల కొనల మధ్య 6 థౌలు, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య 10 థౌలు, మూత వైపు ఆట 5 థౌలు దాటకూడదు.

చైన్ ఎక్కించేటప్పుడు రెండు పళ్లచక్రాల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. చైన్ లేకుండా రెండు చక్రాల మీదా స్కేలు ఆనించి చూస్తే ఒకే సమతలంలో ఉండాలి, లేకపోతే క్రాంకు చక్రం వెనక షిమ్ములు మార్చాలి. ముందు కవర్‌ను వదులుగా తగిలించి, పుల్లీని దాంట్లోకి తోసి, సీలు పుల్లీ మీద మధ్యకు వచ్చాకే కవర్ బోల్టులు బిగించండి. వరస మారిస్తే సీలు ఒక పక్కకు నొక్కుకుని కొద్ది నెలల్లో కారుతుంది.

డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ స్పిండిల్‌కు పొడవాటి 5/16 బోల్టు తగిలించి పట్టుకుని, మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో పైన ఉండగా, స్లాట్ అడ్డంగా, పెద్ద భాగం పైకి ఉండేలా దించండి. పళ్లు కలిసేటప్పుడు స్పిండిల్ గడియారానికి ఎదురు దిశలో తిరిగి దాదాపు ఒంటిగంట సూది దిశలో ఆగాలి.

హెడ్ నట్లను మధ్యనుంచి బయటికి, మూడు విడతల్లో బిగించండి. బి-సీరీస్‌లో సాధారణంగా చివరి అంకె 50 పౌండ్-అడుగుల లోపే, 68 న్యూటన్ మీటర్లు. స్టడ్ల మరలు తుప్పు పట్టి ఉంటే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది, కాబట్టి ముందే బ్రష్ చేసి ఒక చుక్క ఆయిల్ వేయండి. ట్యాపెట్ గ్యాప్ 15 థౌలు, వేడి మీద. ఏ వాల్వు ఎప్పుడు సరిచేయాలో గుర్తుంచుకోవడానికి తొమ్మిది లెక్క ఉంది: పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చేదాన్ని సరిచేయాలి. ఎనిమిది తెరుచుకున్నప్పుడు ఒకటి, ఆరు తెరుచుకున్నప్పుడు మూడు, నాలుగు తెరుచుకున్నప్పుడు ఐదు, ఇలా.

మొదటి స్టార్ట్

20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ వేయండి. కొత్త ఆయిళ్లలో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారని, పాత క్యామ్‌లకు అది చేటని చాలామంది భయపడతారు. ఏపీఐ ఎస్‌ఎన్ లాంటి ప్రమాణాల్లో ఫాస్ఫరస్ మీద ఉన్న పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లకే, 20డబ్ల్యూ-50కి కాదు. కాబట్టి పేరున్న కంపెనీ మామూలు 20డబ్ల్యూ-50 సరిపోతుంది.

ఆయిల్ పంపును కట్టేటప్పుడే ఆయిల్‌తో నింపండి, ఫిల్టర్‌ను కూడా. ప్లగ్గులు తీసేసి, పది పదిహేను సెకన్ల చొప్పున ఆపి ఆపి స్టార్టర్ తిప్పండి. గేజ్‌లో ప్రెషర్ వచ్చేదాకా ప్లగ్గులు పెట్టొద్దు. ఎంతకీ రాకపోతే ఆయిల్ గేజ్ పైపు విప్పి, ఆ యూనియన్‌లోంచి ఆయిల్ క్యాన్‌తో గ్యాలరీలోకి ఆయిల్ పంపితే పంపు పట్టుకుంటుంది. ప్లగ్ గ్యాప్ 25 థౌలు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 15 థౌలు.

కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేసి ఉంటే స్టార్టవగానే ఐడ్లింగ్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. క్యామ్ మీద ఆయిల్ చిమ్మేది క్రాంకు వేగమే, ఐడ్లింగ్‌లో అది చాలదు. కొత్త క్యామ్ మీద పాత ట్యాపెట్లు ఎప్పుడూ వేయకూడదు. ఈ ఇరవై నిమిషాలూ ఒకరు టెంపరేచర్, ప్రెషర్ గేజ్‌ల మీద కన్నేసి ఉండాలి, ఇంకొకరు కింద కారుతోందేమో చూడాలి.

రేడియేటర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. బోరుబావి నీళ్లు మళ్లీ పోస్తే ఇంత కష్టపడి తీసిన బురద మళ్లీ చేరుతుంది. వేడెక్కుతుందని థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు ఒకటుంది. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ చోక్‌తో వచ్చే ఎక్కువ పెట్రోల్ బోరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కొత్త రింగులకు అది చాలా చేటు. గిన్నెలో నీళ్లు మరిగించి, దాని మీద రాసిన వేడికి తెరుచుకుంటుందో లేదో చూసి పెట్టండి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్ పాత రబ్బరు పైపులనూ, పెట్రోల్ పంపు డయాఫ్రమ్‌నూ మెత్తబరుస్తుంది, మిశ్రమాన్ని పలచబరుస్తుంది. కాబట్టి పైపులు, డయాఫ్రమ్ ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, కొన్ని రోజులు నడిపాక ప్లగ్గుల రంగు చూడండి. మరీ తెల్లగా ఉంటే కార్బురేటర్ జెట్ ఒక మెట్టు పెంచాలి.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 60-70 దాటకుండా నడపండి, అలాగని దూదిలో పెట్టినట్టూ నడపొద్దు. రింగులు బోరుకు కూర్చోవాలంటే వెనక గ్యాస్ ఒత్తిడి కావాలి. గంటల తరబడి ఐడ్లింగ్‌లో ఉంచితే హోనింగ్ గీతలు మెరుగెక్కిపోయి రింగులు ఎన్నటికీ పట్టవు. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో 40 నుంచి 60కి సగం యాక్సిలరేటర్‌తో లాగి, వదిలేసి, మళ్లీ లాగడం మంచి పద్ధతి. ఎత్తు మీద పెద్ద గేర్లో ఈడ్చడం మాత్రం వద్దు.

500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఆయిల్‌ను గుడ్డలో వడగట్టి ఎండలో చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు రింగులది, అది మామూలే. రాగి రంగు పొలుసులు కనిపిస్తే బేరింగులను మళ్లీ చూడాలి. అదే రోజు, ఇంజన్ చల్లారాక, హెడ్ నట్లు ఒక్కొక్కటిగా పావు చుట్టు వదిలి మళ్లీ పూర్తి టార్క్‌కు బిగించండి. హెడ్ దిగిన కొద్దీ ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది కాబట్టి, ఇంజన్ మళ్లీ వేడి చేసి ఎనిమిదింటినీ సరిచూడాలి. చివరిగా విప్పకముందు రాసుకున్న కంప్రెషన్ అంకెల పక్కన కొత్తవి రాసిపెట్టుకోండి.